పదిహేడో నెంబరు దుప్పటి

జూన్ 3

లాయరమ్మ ఫోన్ చేసింది. పిచ్చుక బతికే ఉందట.

జూన్ 4

నిన్న ఆ ఒక్క ముక్క రాసి పుస్తకం మూసేశాను. తర్వాత మూడు ప్యాంట్లకి అంచులు కుట్టాను. మూడూ పొట్టి చేశాను. ఒక పెద్దాయన వేసుకుని అద్దంలో చూసుకుని, "ఏమ్మా, నన్ను చేపలు పట్టడానికి గానీ పంపిస్తున్నావా" అన్నాడు. నవ్వేసి కొత్త గుడ్డ తెచ్చి కుట్టి ఇస్తానని చెప్పాను. షాపు పెట్టిన పదిహేనేళ్ళలో ఇలాంటి పని చేయలేదు.

ముప్పై ఒక్క ఏళ్ళయింది. దానికిప్పుడు ముప్పై ఎనిమిది ఉండాలి. నా కళ్ళకి మాత్రం ఇంకా ఏడే. బస్సులో గానీ, ఆసుపత్రిలో గానీ, ఎక్కడ జనం కనబడినా ఏడేళ్ళ పిల్ల కోసమే వెతుకుతాను. నా కూతురికి ఎనిమిదో ఏడు వచ్చిన రోజు ఎందుకో ఏడుపు ఆగలేదు. ఆయన కంగారుపడి, కేకు బాగాలేదా అని అడిగారు.

మేం పెరిగిన హోమ్ మీద కేసు పెట్టినవాళ్ళలో మొదటి పేరు దానిదేనట. "ఇన్నాళ్ళూ నాతో ఒక్క మాట అనలేదేమండీ" అని లాయరమ్మని నిలదీశాను.

"సాక్షులకి చెప్పకూడదమ్మా. మీరు కోర్టులో చెప్పడం అయ్యేదాకా ఆవిడని కలవనూ కూడదు. ఇద్దరూ కూడబలుక్కున్నారంటాడు అవతలి లాయరు."

"మరి ఇప్పుడెందుకు చెప్పారు?"

"ఆవిడే అడిగింది. సూదక్క వస్తుందా అని."

సూదక్క. ఆ పేరుతో నన్ను పిలిచేవాళ్ళు ఈ లోకంలో ఎవరూ మిగల్లేదనుకున్నాను. షట్టరు సగం దించి, మిషన్ మీద తల పెట్టుకుని కాసేపు కూర్చున్నాను. దాన్ని చూడాలి. ఇంకేమీ వద్దు.

జూన్ 7

గుర్తున్నవన్నీ రాసుకోమంది లాయరమ్మ. బోనులో నిలబడ్డాక తడబడకూడదట. ఈ పుస్తకం ముందు పేజీల్లో జనాల నడుము కొలతలున్నాయి, వెనక పేజీల్లో నా గోడు. సరే, రాస్తాను.

హోమ్‌లో నలభై ఇద్దరం ఆడపిల్లలం. వార్డెన్‌ని పెద్దమ్మ అని పిలవాలి. ఆవిడ పైన ఒక కమిటీ, దానికో సెక్రటరీ. నెలకోసారి వచ్చి వరండాలో కుర్చీలు వేసుకుని, మా చేత పాట పాడించుకుని వెళ్ళేవారు. ప్రతి పిల్లకీ ఒక నెంబరు. గౌను మీద, తువ్వాలు మీద, దుప్పటి మూలన ఎర్రదారంతో ఆ నెంబరు ఉండాలి. కుట్టేది నేను. పదకొండేళ్ళకే చేయి తిరిగింది. ఎడమచేతి వాటం కదా, చివరి ముడిని వెనక్కి తిప్పి ఇంకోసారి వేస్తాను. ఇప్పటికీ అంతే. నాది ఇరవై ఆరు. పిచ్చుకది పదిహేడు.

పిచ్చుక అని ఎందుకన్నామంటే, బ్రెడ్డు ముక్క చేతికిస్తే గింజలు ఏరినట్టు గంటసేపు తినేది. నా పక్క మంచమే దానిది. ఆరేసిన దుప్పట్ల మధ్య దాక్కోవడం దాని ఆట. కింద రెండు కాళ్ళు కనబడుతూనే ఉండేవి. కనబడనట్టు నటించి, "ఎక్కడికి పోయిందబ్బా ఇది" అంటూ వెతికేదాన్ని. దుప్పటి కిలకిలా నవ్వేది.

రాత్రి పక్క తడిపిన పిల్లలకి శిక్ష. పొద్దున్నే దుప్పట్లు ఉతికే గదికి వచ్చేవి. తడిసినవాటి నెంబర్లు చదివి చెబితే, పెద్దమ్మ పలక మీద రాసి వరండాలో తగిలించేది. ఆ నెంబర్లవాళ్ళు ఆ పూటంతా మెట్ల కింద గదిలో ఉండాలి. కిటికీ లేదు. తడి బట్టలతోనే ఉండాలి. పిచ్చుకని రెండు రోజులు ఉంచారు. పెట్టే ముందు పెద్దమ్మ దాన్ని ఎడమ చెంప మీద కొట్టింది. మూడో రోజు బయటికి తీస్తే చెవి వాచిపోయి, ఒళ్ళు కాలిపోతోంది. ఆసుపత్రికని తీసుకెళ్ళారు. మళ్ళీ తేలేదు. వాళ్ళ మేనమామ వచ్చి తీసుకుపోయాడని మాకు చెప్పారు. వేరే ఊరి హోమ్‌లో పడేశారని మొన్న లాయరమ్మ చెప్పేదాకా తెలియదు.

నెంబర్లు చదివి చెప్పేది వంటామె. నా వాంగ్మూలంలో కూడా అలాగే రాయించాను.

జూన్ 8

వంటామె పోయి పదేళ్ళయిందట. మంచి మనిషి.

జూన్ 11

పొద్దున ఆరింటికే బస్సు తీయాలి కాబట్టి ఆయన అమ్మాయికి ఐదింటికే జడలు వేశారు. అది కళ్ళు మూసుకునే కూర్చుంది. "నాన్నా, ఇది జడా, స్టీరింగా? అలా తిప్పుతావేం" అని సణుగుతోంది. జడలు మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు వచ్చాయి. డిపోలో ఆయన్ని జడల డ్రైవరు అంటారట. ఆయనకి అదో గొప్ప.

నాకు తల దువ్వడం రాదని పెళ్ళయిన కొత్తలోనే చెప్పాను. నా జుట్టు మెడ దాకా కత్తిరించుకుంటాను, వేళ్ళతో సర్దుకుంటాను. ఇంట్లో ఉన్న ఒక్క దువ్వెనా వాళ్ళిద్దరిదే.

పెద్దమ్మ దగ్గర వెడల్పు పళ్ళ చెక్క దువ్వెన ఉండేది. నలభై ఇద్దరిలో ఆవిడ ఒళ్ళో కూర్చోబెట్టుకుని తల దువ్వింది నాకొక్కదానికే. చిక్కు తగిలితే వేళ్ళతో విప్పేది, లాగేది కాదు. పది నిమిషాలు పట్టేది. ఆ పది నిమిషాలూ నాకో అమ్మ ఉన్నట్టే ఉండేది.

ఇది లాయరమ్మకి అక్కర్లేదు. ఎందుకు రాశానో.

జూన్ 15

పిచ్చుకకి ఏదైనా కుట్టి ఇవ్వాలని లేత పచ్చ గుడ్డ తీసుకున్నాను. ఇంటికొచ్చి పరిచాక గుర్తొచ్చింది, కొలతల్లేవు. పొడుగో పొట్టో, సన్నమో లావో. చాక్ పీసు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. చేయి ఊరికే ఉండక ఏడేళ్ళ పిల్ల భుజాలు గీసింది. చెరిపేశాను.

కలిసినప్పుడు ఎలా ఉంటుందో రోజుకో రకంగా అనుకుంటున్నాను. కోర్టు వరండాలో నన్ను చూడగానే గుర్తుపడుతుంది. నేనూ గుర్తుపడతాను. ముందు అదే వచ్చి పట్టుకుంటుంది. ఇంతవరకూ రాగానే మళ్ళీ మొదటికి వెళ్ళి మొదలుపెడతాను.

నెంబర్లు ఎవరు చదివేవారో పిచ్చుక చెప్పిందా అని లాయరమ్మని మాటవరసకి అడిగాను. "అది మాత్రం నన్నడక్కండి అందమ్మా" అంది. చిన్నపిల్ల కదా అప్పటికి. మరిచిపోయి ఉంటుంది.

మరిచిపోయే ఉంటుంది.

జూన్ 19

లాయరమ్మ స్వయంగా షాపుకొచ్చింది. బ్యాగు జిప్పు చెడిందని ఒక వంక. జిప్పు బాగానే ఉంది.

"వంటామె విషయంలో చిక్కొచ్చిందమ్మా. పిచ్చుకని గదిలో పెట్టడానికి ఏడాది ముందే ఆవిడ హోమ్‌లో మానేసింది. వేరే చోట చేరిన కాగితం అవతలివాళ్ళు సంపాదించారు. ఉతికే గదిలో లేని మనిషి నెంబర్లెలా చదివిందని అడుగుతారు."

నేను దారం తెంపుతున్నాను. తెగింది. మళ్ళీ తెంపాను.

"వాళ్ళ వాదన ఏమిటో తెలుసుగా. నెంబర్లే లేవు, పలక లేదు, మెట్ల కింద సామాను మాత్రమే పెట్టేవాళ్ళం, పిల్లకి జ్వరమొచ్చి చెవి పోయింది అంటున్నారు. పలకకీ గదికీ లంకె చెప్పగలిగింది మీరొక్కరే. ఈ మాట తప్పని తేలితే మీరు చెప్పిందంతా గాల్లో కలుస్తుంది. బాగా ఆలోచించండి. ఎవరు చదివేవారు?"

గుర్తు లేదన్నాను.

ఆవిడ నన్ను ఒక చూపు చూసి, "గుర్తు చేసుకోండి, వచ్చే నెల రెండున మీ సాక్ష్యం, అప్పటిదాకా టైముంది" అని లేచింది. జిప్పుకి ఏమీ తీసుకోలేదు నేను, ఆవిడా ఇవ్వలేదు.

జూన్ 20

ఒంట్లో బాగాలేదు. షాపు తీయలేదు.

జూన్ 21

తీయలేదు.

జూన్ 22

నేను చదివేదాన్ని.

పొద్దున్నే ఉతికే గదిలో దుప్పట్ల మూలలు పట్టుకుని, తడిసినవాటి నెంబర్లు నేను చదివేదాన్ని. నేను కుట్టిన నెంబర్లే. పదకొండేళ్ళ నుంచి పదమూడేళ్ళ దాకా, రెండేళ్ళు. చదివిన రోజు పెద్దమ్మ తల దువ్వేది. అదే నా కూలి.

పిచ్చుక వచ్చాక దాని నెంబరు వదిలేసేదాన్ని. రోజూ తడిపేది పాపం. ఎనిమిది నెలలు వదిలేశాను. ఒకరోజు పెద్దమ్మ, "ఇంత చిన్నపిల్ల ఒక్కరోజైనా పక్క తడపదా? నా కళ్ళు కప్పుతున్నావే నువ్వు" అని దువ్వెన పక్కన పెట్టేసింది. ఆ రోజు దువ్వలేదు. మర్నాడూ దువ్వలేదు. మూడో రోజు నా కళ్ళ ముందే ఇంకో పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

నాలుగో రోజు పదిహేడు అన్నాను.

ఎవరూ బెదిరించలేదు, కొట్టలేదు. నా నోటితో నేనే అన్నాను. ఆ పూట పెద్దమ్మ నా తల దువ్వింది. మెట్ల కింద తలుపు కొడుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. నేను కళ్ళు మూసుకుని దువ్వించుకున్నాను.

జూన్ 23

ఆయనకి చెప్పాను. డ్యూటీ దిగి వచ్చి, యూనిఫాం కూడా మార్చుకోకుండా వంటింటి స్టూలు మీద కూర్చున్నారు. మధ్యలో ఒక్క మాట అడ్డు రాలేదు. అంతా అయ్యాక అడిగారు.

"కోర్టులో ఇది చెప్పకపోతే?"

"కేసు పోతుంది."

"చెబితే?"

"పిచ్చుక నాకు లేకుండా పోతుంది. కోర్టులో కూర్చుని వింటుందట. దాని సాక్ష్యం అయిపోయింది కాబట్టి కూర్చోవచ్చట."

చొక్కా పై గుండీ విప్పుకున్నారు. తర్వాత, "అయితే తల దువ్వడం నీకు వచ్చన్నమాట" అన్నారు.

"వచ్చు."

"ఇన్నేళ్ళుగా నా చేత జడలేయించావు."

"అవును."

"సరేలే. నాకూ అలవాటైపోయింది" అని లేచి మొహం కడుక్కోవడానికి వెళ్ళారు. కుళాయి నీళ్ళు చాలాసేపు పడుతూనే ఉన్నాయి.

జూన్ 24

లాయరమ్మకి ఫోన్ చేసి చెప్పేశాను. ఆవిడ ఏదో కాగితం మీద రాసుకుంటున్న చప్పుడు వినబడింది. తర్వాత మెల్లగా, "పదమూడేళ్ళ పిల్ల మీద ఏ నేరమూ రాదమ్మా. చిన్నపిల్లల చేత చిన్నపిల్లల్ని పట్టిచ్చే పని చేయించినందుకు జవాబు చెప్పాల్సింది వాళ్ళు. మీరు భయపడకండి" అంది.

చట్టం సంగతి నేనడగలేదు. కానీ ఆవిడకి తెలిసింది అదే, పాపం, అదే చెప్పింది.

జూలై 2

వరుసగా రాస్తాను. లేకపోతే కలిసిపోతాయి.

పదింటికి వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. పిలిచేదాకా లోపలికి రాకూడదు. బెంచీకి అటు చివర ఒకావిడ కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటోంది, నెరిసిన జుట్టు, బొద్దుగా ఉంది. పిచ్చుక సన్నగా ఉంటుంది కాబట్టి ఆవిడ వైపు రెండోసారి చూడలేదు. వచ్చేపోయే సన్నటివాళ్ళందర్నీ చూశాను. ఆవిడ కాసేపటికి లేచి లోపలికి వెళ్ళింది.

పదకొండున్నరకి పిలిచారు. బోనెక్కగానే పెద్దమ్మ కనబడింది. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. ఎనభైకి దగ్గరపడి ఉంటుంది. పక్కన ఆ సెక్రటరీ, ఆయనా ముసలివాడయ్యాడు. పెద్దమ్మకి ఎవరో తొందరలో ముందువైపు మాత్రం దువ్వి వదిలేశారు, వెనకంతా చిక్కుపడి రేగి ఉంది. నా చేయి బోను కమ్మీ మీద నుంచి కాస్త లేచింది. దించుకున్నాను. ఆవిడని చూస్తే అసహ్యం వేస్తుందనుకున్నాను. వేసింది. దానితోపాటు ఆ ఒళ్ళో కూర్చోవాలనీ అనిపించింది. కోర్టులో చెప్పనిది ఇదొక్కటే.

లాయరమ్మ ఒక దుప్పటి చూపించింది. హోమ్ పాత సామాను గదిలో పోలీసులకి దొరికిందట. రంగు పోయి గోనెలా ఉంది. మూలన పదిహేడు. తిరగేసి చూశాను. చివరి ముడి వెనక్కి తిప్పి రెండోసారి వేసి ఉంది.

"ఇది ఎవరు కుట్టారు?"

"నేను."

"ఈ నెంబరు ఎందుకు?"

చెప్పాను. ఉతికే గది, పలక, వరండా, మెట్ల కింద గది. కమిటీవాళ్ళు కూర్చునే కుర్చీల వెనకే ఆ పలక వేలాడేదని కూడా చెప్పాను. సెక్రటరీ అటు తిరిగాడు.

"తడిసిన దుప్పట్ల నెంబర్లు చదివి చెప్పేది ఎవరు?"

"నేను."



అవతలి లాయరు లేచాడు. మర్యాదస్తుడే, గొంతు పెంచలేదు. "వాంగ్మూలంలో వంటామె అన్నారు. ఇప్పుడు నేను అంటున్నారు. ఏది అబద్ధం?"

"మొదటిది."

"అప్పుడెందుకు అబద్ధమాడారు?"

"ఆవిడ చచ్చిపోయింది. లేచొచ్చి కాదనదు కదండీ."

"అబద్ధం ఆడానని మీరే ఒప్పుకుంటున్నారు. ఇవాళ చెప్పేది మాత్రం ఎందుకు నమ్మాలి?"

"ఇది నాకు నష్టం కాబట్టి."

జడ్జిగారు రాసుకోవడం ఆపి తలెత్తి చూశారు. అవతలి లాయరు కాగితాలు తిరగేసి, ఇంకో దారి పట్టాడు. "మిమ్మల్ని కొట్టి చెప్పించారా? భయపెట్టారా?"

"లేదండీ. చెబితే తల దువ్వేవారు."

"దానికోసం చెప్పారా?"

"దానికోసమే."

పెద్దమ్మ అప్పటిదాకా కిందికి చూస్తోంది. ఆ మాటకి తలెత్తి నన్ను చూసింది. గుర్తుపట్టిందో లేదో తెలియదు. అవతలి లాయరు ఇంకేమీ అడగలేదు.

బయటికొచ్చి మళ్ళీ అదే బెంచీ మీద కూలబడ్డాను. లాయరమ్మ లోపలే ఉంది. ఆ నెరిసిన జుట్టావిడ తలుపు తోసుకుని వచ్చి, నాకు కొంచెం దూరంలో నిలబడి కిటికీలోంచి చూస్తోంది. అప్పుడు తెలిసింది. ఎలా తెలిసిందో చెప్పలేను. దాని ఎడమ పక్కకి వెళ్ళి, "పిచ్చుకా" అన్నాను. పలకలేదు. ముఖం చాటేసిందనుకున్నాను. నా బతుక్కి ఇదే సరిపోయిందనుకుని వెనక్కి తిరగబోయాను.

నా నీడ చూసి తిరిగింది. "అటు వైపు వినబడదు. ఇటు రా" అంది.

కుడి పక్కకి వెళ్ళాను. అనుకున్నవేవీ నోటికి రాలేదు. "లోపల నేను చెప్పింది…" అని ఆగిపోయాను.

"నాకు కొత్తేం కాదు సూదక్కా. ఆ రోజు నేను దుప్పట్ల వెనకాలే ఉన్నాను. నువ్వు వెతుకుతావని దాక్కున్నాను. పదిహేడు అన్నావు. అప్పటికి నాకు రెండు చెవులూ బాగానే వినబడేవి."

ఆ రోజు నేను కింద కాళ్ళ కోసం చూడలేదు. ఎన్నిసార్లు గుర్తుచేసుకున్నా, చూడలేదు.

"తెలిసీ లాయరమ్మతో చెప్పలేదేం?"

"నా నోటితో చెప్పదలుచుకోలేదు. నువ్వు చెబుతావో లేదో చూద్దామనుకున్నాను."

"చెప్పకపోయి ఉంటే?"

"ఇంటికెళ్ళిపోయేదాన్ని."

కళ్ళజోడు తీసి మళ్ళీ తుడుచుకుంది. తుడవాల్సిందేమీ లేదు దాని మీద. "ఎనిమిది నెలలు నా నెంబరు చదవలేదు నువ్వు. అదీ నాకు తెలుసు. ఒక్కరోజు చదివావు. ఇన్నేళ్ళుగా రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తూనే ఉన్నాను. ఏదీ రెండోదాన్ని కొట్టేయడం లేదు. ఏం చేయాలో నాకూ తెలియదు."

నేను ఏడుస్తున్నాను. అది ఏడవలేదు. షాపు ఎక్కడని అడిగింది. చెప్పాను. పెద్ద రోడ్డు మీద మందుల షాపు పక్క సందు, నీలం షట్టరు అని రెండుసార్లు చెప్పాను.

"వస్తావా?"

"ఏమో. వస్తానని అనను" అని మెట్లు దిగి వెళ్ళింది. దిగేటప్పుడు కుడి చేత్తో గోడ పట్టుకుంది. ఆఖరి మెట్టు దాకా దాని కాళ్ళే చూశాను.

జూలై 29

తీర్పు వచ్చింది. పెద్దమ్మకి ఏడేళ్ళు, సెక్రటరీకి నాలుగు. పలక వేలాడేది కమిటీ కూర్చునే చోటే కాబట్టి తెలియదనడానికి వీల్లేదని రాశారట జడ్జిగారు. పైకోర్టుకి వెళతారని, అయినా అంత తేలిగ్గా కొట్టేయలేరని లాయరమ్మ చెప్పింది. ఆవిడ గొంతులో సంతోషం.

నాకూ సంతోషమే. ఫోన్ పెట్టేశాక మాత్రం తల మీద చేయి పెట్టుకుని కూర్చున్నాను. ఆ ముసలావిడ జుట్టు జైల్లో ఎవరు దువ్వుతారా అనిపించింది. ఇలాంటివి అనిపిస్తూనే ఉంటాయి కాబోలు. తిట్టుకోవడం మానేశాను.

పిచ్చుక రాలేదు. ఫోన్ నెంబరు ఇస్తానంది లాయరమ్మ. వద్దన్నాను. రావాలనిపిస్తే అదే రావాలి.

ఆగస్టు 5

ఆయన డిపోకి తొందరగా వెళ్ళాల్సి వచ్చింది. అమ్మాయి దువ్వెన తెచ్చి నా ముందు పెట్టి, "నాన్న చెప్పారు, నీకు వచ్చటగా" అంది. చిక్కులు వేళ్ళతో విప్పాను. లాగలేదు. పది నిమిషాలు పట్టింది. "నాన్నదే బాగుంటుంది" అని చెప్పి బడికి వెళ్ళింది.

ఆగస్టు 9

రాలేదు. ఆరింటికి మూసే షాపుని ఎనిమిది దాకా తెరిచి ఉంచుతున్నాను. మందుల షాపతను, "ఏమక్కా, బేరాలు బాగా పెరిగాయా" అన్నాడు.

కస్టమర్ల కుర్చీ ఇన్నేళ్ళూ మిషన్‌కి కుడి పక్కన ఉండేది. ఇవాళ దాన్ని ఎడమ పక్కకి మార్చి, వీధి వైపు తిప్పి పెట్టాను. అక్కడ కూర్చుంటే వాళ్ళ కుడి చెవి నా వైపు ఉంటుంది.